బెంట్ ప్రెస్, లావు ఇరుసు, రాతి గుండు: పాతకాలపు బరువుల సాధన ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న (అడిగినవారు: గుండు_ఎత్తాలి)

అందరికీ నమస్కారం. నా వయసు ముప్పై ఆరు. కొన్నేళ్లుగా వ్యాయామశాలలో స్క్వాట్ (భుజాల మీద బరువుతో కూర్చుని లేవడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును తొడల దాకా లేపి నిలబడడం), నిలబడి చేసే ప్రెస్ (బరువును భుజాల నుంచి తలపైకి తోయడం) క్రమం తప్పకుండా చేస్తున్నాను. డెడ్‌లిఫ్ట్‌లో 150 కిలోలు, ప్రెస్‌లో 60 కిలోలు ఎత్తగలను. పోటీలకు వెళ్లాలన్న కోరిక లేదు గాని, నూరేళ్ల కిందటి బలశాలులు ఎత్తిన తీరులో బరువులు ఎత్తడం నేర్చుకోవాలని కొంతకాలంగా మనసులో ఉంది. ముఖ్యంగా మూడు విషయాలు తెలుసుకోవాలనుకుంటున్నాను. ఒకటి, ఒంటిచేత్తో పక్కకు వంగి ఎత్తే బెంట్ ప్రెస్. రెండవది, పిడికిలి పూర్తిగా మూసుకోని లావుపాటి కడ్డీని పట్టి ఎత్తడం. మూడవది, మా అమ్మమ్మగారి ఊరిలో రామాలయం పక్కన పడి ఉన్న రాతి గుండును నేల మీది నుంచి భుజం మీదికి చేర్చడం. ఆ గుండు బరువెంతో ఊరిలో ఎవరికీ కచ్చితంగా తెలియదు. అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క లెక్క చెబుతారు.

వీటిని ఇప్పటి సాధనతో కలిపి చేయవచ్చునా, లేక కొంతకాలం అన్నీ పక్కనపెట్టి వీటినే చేయాలా? మన తెలుగు బలశాలి కోడి రామ్మూర్తినాయుడుగారు గొలుసులు తెంచడం, ఛాతీ మీద ఏనుగును నిలుపుకోవడం వంటివి కూడా సాధనతో వచ్చేవేనా, లేక వాటి వెనుక వేరే కిటుకు ఉందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు 1 (ఇనుప_మాస్టారు)

మీరు అడిగినవాటిలో బెంట్ ప్రెస్ మీదనే అపోహలు ఎక్కువ కనుక దానితోనే మొదలుపెడతాను. పేరులో ప్రెస్ అని ఉన్నప్పటికీ ఇందులో చేయి బరువును పైకి తోయదు. బరువు దాదాపు ఉన్న ఎత్తులోనే ఉండిపోతుంది. ఎత్తేవాడే దాని కిందికి దిగిపోతాడు, దిగుతున్నకొద్దీ మోచేయి దానంతట అదే చాపుకుంటుంది, పూర్తిగా చాపుకున్న తరువాత నిటారుగా లేచి నిలబడతాడు. అందుకే మామూలు ప్రెస్‌తో పోల్చడానికి వీలులేనంత బరువు ఈ పద్ధతిలో తలపైకి వెళుతుంది. జర్మనీకి చెందిన ఆర్థర్ శాక్సన్ 1905లో ఈ విధంగా ఒంటిచేత్తో 370 పౌండ్లు, అంటే సుమారు 168 కిలోలు ఎత్తారు; ఆయన శరీర బరువు వంద కిలోల లోపే. ఈ సంఖ్యను చూసి ఆయన భుజబలాన్ని మాత్రమే పొగిడేవారు అసలు సంగతిని గమనించలేదనే అంటాను. ఆ ఎత్తులో నడుము, తుంటి, వెన్ను ఎగువ భాగం తిరిగే తీరు చేసే పని, భుజం చేసే పనికన్నా ఎక్కువ.

ఇటువంటి ఎత్తులు మరుగున పడడానికి పోటీ నియమాలే ప్రధాన కారణం. 1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్స్‌లో ఒంటిచేతి ఎత్తుకు ప్రత్యేక పోటీ ఉండేది. బ్రిటన్‌కు చెందిన లాన్సెస్టన్ ఇలియట్ 71 కిలోలతో దానిని గెలిచారు. 1924 పారిస్ క్రీడల తరువాత ఒంటిచేతి ఎత్తులను తొలగించి, 1928 నుంచి రెండు చేతుల ప్రెస్, స్నాచ్ (నేల నుంచి ఒకే ఊపులో తలపైకి), క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల మీదికి, తరువాత తలపైకి) అనే మూడింటినే ఉంచారు. 1972 తరువాత ప్రెస్ కూడా పోయింది. పతకం లేని ఎత్తును నేర్పే గురువు ఎక్కడ దొరుకుతాడు? అమెరికాలో, ఇంగ్లండులో ఈ పాత ఎత్తులకు రికార్డులు రాసిపెట్టే ఆల్-రౌండ్ వెయిట్‌లిఫ్టింగ్ సంఘాలు ఉన్నాయి గాని, మన దగ్గర నేర్చుకోవాలంటే ఎవరికి వారు ఓపికగా సాధన చేయవలసిందే.

సాధన క్రమానికి వస్తాను. కుడిచేత్తో ఎత్తుతున్నామనుకోండి. బరువును భుజం దగ్గరికి తెచ్చుకున్నాక ముంజేయి నేలకు నిట్టనిలువుగా ఉండాలి, పై చేయి వీపు పక్కనున్న వెడల్పాటి కండ మీద ఆనాలి. ఈ ఆనిక లేకపోతే అది బెంట్ ప్రెస్ కానే కాదు. అక్కడి నుంచి ఛాతీని కుడివైపుకు తిప్పుతూ, చూపును బరువు మీదనే నిలిపి, ఎడమచేతిని ఎడమ తొడ మీదుగా మోకాలివైపు జార్చుతూ వంగాలి. తొందరపడి చేతితో తోయాలనిపించే క్షణం ప్రతివారికీ వస్తుంది. దానిని అణచుకోవడమే మొదటి కొన్ని వారాల సాధన. ఛాతీ తిరగకుండా నడుము మాత్రమే పక్కకు విరిచేవారికి వెన్ను కిందిభాగంలో నొప్పి తప్పదు. అందువల్ల బెంట్ ప్రెస్‌కు ముందు రెండు కదలికలు బాగా రావాలి. మొదటిది విండ్‌మిల్, అంటే ముందుగానే చాపిన చేతిలో బరువు ఉంచుకుని వంగి లేవడం. రెండవది టర్కిష్ గెట్-అప్, అంటే వెల్లకిలా పడుకున్న స్థితి నుంచి బరువును పైకి చాపి పట్టుకునే లేచి నిలబడడం. మీరు నిలబడి 60 కిలోలు ప్రెస్ చేస్తున్నా సరే, వీటిని 12 కిలోల కెటిల్‌బెల్‌తో (పైన పిడి ఉన్న ఇనుప గుండుతో) మొదలుపెట్టండి. పక్కవారు నవ్వితే నవ్వనివ్వండి.

పొడవాటి బార్‌బెల్‌ను ఒంటిచేతిలో నిలబెట్టడం వేరే విద్య. దాని కొనలు అటూ ఇటూ ఊగుతుంటే మణికట్టు సర్దుకోవలసి వస్తుంది కనుక, కెటిల్‌బెల్‌తో 24 కిలోలు తడబాటు లేకుండా రెండు వైపులా ఎత్తగలిగేదాకా బార్ జోలికి వెళ్లవద్దు. బరువు అదుపు తప్పితే దానిని కాపాడాలని చూడకుండా వదిలేసి పక్కకు తప్పుకోవడం కూడా సాధన చేయవలసిన అంశమే. అందుకని ఈ ఎత్తును గచ్చు మీద కాక మట్టి నేల మీద చేయడం మేలు.

లావు కడ్డీ విషయంలో చరిత్రే మంచి పాఠం చెబుతుంది. అపొలాన్ అనే పేరుతో ప్రసిద్ధుడైన ఫ్రెంచి బలశాలి లూయీ ఉనీ ప్రదర్శనలలో ఉపయోగించిన బండి చక్రాల జత బరువు 366 పౌండ్లు, అంటే 166 కిలోలు. ఇరుసు మందం దాదాపు 49 మిల్లీమీటర్లు. నేటి పురుషుల ఒలింపిక్ బార్ మందం 28 మిల్లీమీటర్లే. పైగా నేటి బార్ కొనలు తిరుగుతాయి, ఆ ఇరుసు మీది చక్రాలు తిరగవు. అందువల్ల ఇరుసును వేగంగా లేపితే చక్రాలు తమ బరువుతో దానిని చేతిలోంచి తిప్పేస్తాయి. ఆ చక్రాలను తలపైకి ఎత్తినవారిలో 1930లో షార్ల్ రిగులో, 1949లో జాన్ డేవిస్, 1954లో నార్బర్ట్ షెమాన్‌స్కీ ముఖ్యులు. ఒలింపిక్ విజేత అయిన డేవిస్‌కు సైతం మామూలు పట్టుతో అది లొంగలేదు. ఒక అరచేయి ముందుకు, మరొకటి వెనక్కి ఉండేలా పట్టి లేపి, గాలిలో ఉండగానే ఒక చేతి పట్టు మార్చుకుని భుజాల మీదికి తెచ్చుకున్నారు. అక్కడ చాలనిది ఆయన కాళ్ల బలమో వీపు బలమో కాదు, వేళ్ల పట్టు. ఇంగ్లండుకు చెందిన థామస్ ఇంచ్ డంబెల్ కూడా ఇటువంటిదే. బరువు 172 పౌండ్లే, అంటే 78 కిలోలే. అయితే పిడి మందం ఆరు సెంటీమీటర్లు కావడం, మొత్తం ఒకే పోత ఇనుము కావడం వల్ల మీరెత్తే బరువులో సగం ఉన్న ఆ డంబెల్‌ను ఒంటిచేత్తో మోకాలి దాకా లేపలేనివారు ఎందరో.

కాబట్టి 50 మిల్లీమీటర్ల ఇనుప గొట్టం ఒకటి సంపాదించండి. రెండు అరచేతులూ మీవైపు తిరిగి ఉండే పట్టుతో డెడ్‌లిఫ్ట్ చేసి, పైన కొన్ని క్షణాలు నిలపండి. మొదటి రోజున మీ 150 కిలోల లెక్క మరచిపోండి. 60 కిలోలతో మొదలుపెడితే చాలు.

జవాబు 2 (విజయనగరం_తాలింఖానా)

పై జవాబు బాగుంది. మన నేల సంగతి కొంత నేను చెబుతాను.

ఉత్తరాంధ్ర పల్లెలలో సంక్రాంతికి, గ్రామదేవత పండుగలకు సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు ఇప్పటికీ జరుగుతున్నాయి. రాయలసీమలో తిరునాళ్ల సమయంలో గుండు ఎత్తడం, బండి ఇరుసు ఎత్తడం పోటీలుగా పెడతారు. అపొలాన్ చక్రాల గురించి చదివినప్పుడు నాకు మన ఇరుసు పోటీయే గుర్తుకు వచ్చింది. లావుపాటిది, చేతిలో సరిగా ఇమడనిది, నిత్యం ఊరి బండికి ఉపయోగపడేది. ఫ్రాన్సులోనూ మన పల్లెలోనూ బలపరీక్షకు అదే దొరికింది. ఈ పోటీలను చూడడానికి వెళ్లినప్పుడు గెలిచినవారిని కాక, అంతకుముందు వారు ఏమి చేశారో గమనించండి. బాగా ఎత్తేవారు తమ వంతు రాకముందే చిన్న గుండుతో రెండుసార్లు ఒళ్లు వేడి చేసుకుంటారు. స్నేహితుల కేకలకు ఉత్సాహపడి కూర్చున్నచోటి నుంచి లేచి నేరుగా పెద్ద గుండు దగ్గరికి వెళ్లేవారికే నడుము పట్టేస్తుంది.

మీ ఊరి గుండు బరువు తెలియదన్నారు. తూచకుండానే ఉజ్జాయింపుగా లెక్కకట్టవచ్చు. రాయి దాదాపు గుండ్రంగా ఉంటే టేపుతో చుట్టుకొలత తీసుకుని 3.14తో భాగించండి; అది వ్యాసం. నల్లరాయి, గ్రానైటు వంటివి నీటికన్నా సుమారు 2.7 రెట్లు బరువు. ఈ లెక్కన 36 సెంటీమీటర్ల వ్యాసం గల గుండు 66 కిలోలు, 40 సెంటీమీటర్లది 90 కిలోలు, 45 సెంటీమీటర్లది దాదాపు 129 కిలోలు ఉంటుంది. కంటికి పెద్దగా తేడా తెలియని రెండు గుండ్ల మధ్య ఒక బస్తా బరువు తేడా ఉండవచ్చు కనుక, ఊరివారి మాట మీద ఆధారపడకుండా ముందు టేపు పట్టండి.

ఇక కోడి రామ్మూర్తినాయుడుగారి సంగతి. ఆయన 1882లో వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, మద్రాసులో వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, కొంతకాలం ఉపాధ్యాయుడిగా పనిచేసి, ఆ తరువాత సొంత సర్కస్‌తో దేశమంతా తిరిగారు. ఐరోపా బలశాలి యూజీన్ సాండో 1904-05లో భారతదేశంలో ప్రదర్శనలు ఇచ్చి వెళ్లిన తరువాత ఇక్కడ శరీరబలం పట్ల మోజు పెరిగిన కాలమది. రామ్మూర్తిగారి పునాది దండీలు, బస్కీలు, కుస్తీ, ప్రాణాయామం. ఆయన బలాన్ని గురించి నాకు సందేహం లేదు. అయితే ప్రదర్శనను సాధనగా భావించి అనుకరించడం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది.

ఏనుగు ప్రదర్శననే తీసుకోండి. ఛాతీ మీద పరచిన పలక ఆ భారాన్ని వెడల్పుగా పంచుతుంది. పలక కొన నేలను తాకుతుంటే భారంలో కొంత నేల మీదికి పోతుంది. అయినా మిగిలిన భారాన్ని ఊపిరి బిగబట్టి మోయడానికి ఏళ్ల తరబడి పెంచిన పక్కటెముకల బలమూ, ఏనుగును అంగుళం తప్పకుండా నడిపించే మావటీ ఉండాలి. ఆయన మరో ప్రదర్శనలో, అంటే రెండు కార్లను ఆపేటప్పుడు, అవి ఎదురెదురు దిక్కులకు లాగితే ఒకదాని లాగుడును మరొకటి చాలావరకు రద్దు చేస్తుంది. మనిషి శరీరం రెండింటి మధ్య బిగిసిన తాడు వంటిదవుతుంది. కనుక మనిషి కార్లను గెలవనక్కరలేదు, కీళ్లు ఊడకుండా నిలబడితే చాలు. ఆ చాలు అనే మాటలోనే ప్రాణాపాయం ఉంది. కెనడా బలశాలి లూయీ సీర్ 1895లో బోస్టన్‌లో పద్దెనిమిది మంది నిలబడిన వేదికను, మొత్తం 4,337 పౌండ్లను, వీపుతో లేపినప్పుడు కూడా కాళ్లు దాదాపు నిటారుగానే ఉన్నాయి. లేపిన ఎత్తు కొద్ది అంగుళాలే. ఇటువంటివన్నీ పునాది బలం మీద ప్రదర్శకుడి నేర్పును పేర్చి చేసినవి. పునాదిని నేర్చుకోండి, గొలుసులు తెంచే ప్రయత్నం మాత్రం వద్దు.

అడిగినవారి స్పందన (గుండు_ఎత్తాలి)

ఇద్దరికీ కృతజ్ఞతలు. టేపు లెక్క నాకు అసలు తట్టలేదు, పండుగకు ఊరికి వెళ్లినప్పుడు కొలుస్తాను. మరో రెండు సందేహాలు మిగిలాయి. గుండు దగ్గరికి వెళ్లేలోపు ఇక్కడ హైదరాబాదులో, అపార్టుమెంటులో ఉంటూ దానికి తగిన సాధన ఎలా చేయాలి? డెడ్‌లిఫ్ట్‌లో వెన్ను నిటారుగా ఉంచమని ఇన్నాళ్లూ నేర్పారు; రాయి ఎత్తే వీడియోలలో అందరి వెన్నూ వంగే ఉంటోంది. ఏది సరైనది?

జవాబు 3 (ఫిజియో_కోణం)

నేను ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఎత్తులలో నాకు పై ఇద్దరికి ఉన్న అనుభవం లేదు గనుక శరీరానికి సంబంధించినంత వరకే చెబుతాను.

గుండుకు పిడి ఉండదు. దానిని పట్టాలంటే మీద ఒరిగి, కిందికి చేతులు పోనిచ్చి, ఛాతీని దానికి చుట్టవలసిందే. అందువల్ల వెన్ను ఎగువ భాగం వంగక తప్పదు. అపాయం ఆ వంపులో లేదు, బరువు పడుతున్న సమయంలో ఆ వంపు మారిపోవడంలో ఉంది. మొదట ఎంత వంగి పట్టుకున్నారో అదే వంపును బిగించి ఉంచి, తుంటి, మోకాళ్లతో లేపి, రాయిని ముందు తొడల మీదికి తెచ్చుకోవాలి. అక్కడ దానిని కొత్తగా కౌగిలించుకుని, ఊపిరి తీసుకుని, అప్పుడు తుంటిని ముందుకు తోస్తూ నిలబడాలి. నేల నుంచి భుజం దాకా ఒకే ఊపులో తేవాలనుకోవడం కొత్తవారు చేసే పొరపాటు.

వెన్నుకన్నా నాకు ఎక్కువ భయం మోచేతి దగ్గరి బైసెప్స్ స్నాయువు, అంటే పై చేయి ముందరి కండను ఎముకకు కలిపే తాడువంటి భాగం విషయంలో. రాయి కింద అరచేతులు పైకి తిరిగి ఉంటాయి. ఆ స్థితిలో చేతులు మడిచి లాగితే, తుంటితో లేపవలసిన భారమంతా ఆ సన్నని స్నాయువు మీద పడుతుంది. అది ఎముక నుంచి తెగినవారిలో అధికులు నలభై, యాభై ఏళ్ల వయసు పురుషులు. ఒక అరచేయి అటు, ఒకటి ఇటు తిప్పి డెడ్‌లిఫ్ట్ చేసేవారికి కూడా పైకి తిరిగిన చేతిలోనే ఇది తెగుతుంది. చేతులను తాళ్లలాగా చాపి ఉంచాలి, రాయి తొడల మీదికి చేరేదాకా మోచేయి మడవకూడదు.

ఊపిరి బిగబట్టడం గురించి ఒక మాట. 1980లలో కెనడాలో పరిశోధకులు వ్యాయామం చేస్తున్నవారి ధమనిలో నేరుగా రక్తపోటును కొలిచారు. ఊపిరి బిగబట్టి కాళ్లతో భారీ బరువు తోసే సమయంలో అది 300 దాటింది. ఆరోగ్యవంతుల శరీరం ఆ కొద్ది క్షణాలను తట్టుకుంటుంది. మీకు ముప్పై ఆరేళ్లన్నారు. ఒకసారి బీపీ చూపించుకోండి. ఇంతకుముందే బీపీ ఉన్నా, హెర్నియా ఉన్నా, కంటి లోపలి పొరకు సంబంధించిన ఇబ్బంది ఉన్నా వైద్యుడిని అడగకుండా ఈ ఎత్తుల జోలికి వెళ్లవద్దు. లావు కడ్డీ సాధనలో మోచేతి లోపలివైపు నొప్పి మొదలైతే దానిని పంటి బిగువున భరించకండి. స్నాయువులు కండరాలంత వేగంగా బలపడవు కాబట్టి, పట్టు పెరిగింది కదా అని ప్రతివారం బరువు పెంచుకుంటూ పోయేవారే మా దగ్గరికి వస్తుంటారు.

జవాబు 4 (ఇనుప_మాస్టారు)

అపార్టుమెంటులో గుండుకు బదులు ఇసుక బస్తా సరిపోతుంది. ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. యూరియా బస్తా 45 కిలోలు కదా అని అదే సంచిలో నిండా ఇసుక పోస్తే బరువు 90 కిలోలు దాటుతుంది; యూరియాకన్నా ఇసుక రెట్టింపు బరువు. 40 కిలోల ఇసుకను తూచి చిన్న సంచులలో కట్టి, వాటిని పెద్ద సంచిలో పెట్టి మూతి బిగించండి. సగం నిండిన సంచి చేతిలో జారుతూ ఉంటుంది కనుక పట్టుకోవడం రాయికన్నా కష్టమే. అది మీకు లాభమే. నేల నుంచి తొడల మీదికి, అక్కడి నుంచి భుజం మీదికి, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు. మెల్లగా దించడం సాధన చేయండి, మీ కింది అంతస్తువారి కోసమైనా.

ఇప్పటి సాధనను మానవలసిన పని లేదు, కొంత తగ్గించాలి. వారంలో మూడు రోజులు వ్యాయామశాలకు వెళ్తున్నారనుకుంటే, మొదటి రోజున ఒళ్లు వేడెక్కిన వెంటనే, అలసట రాకముందే, విండ్‌మిల్, బెంట్ ప్రెస్ ఒక్కొక్క వైపు ఒకటి రెండుసార్ల చొప్పున నాలుగైదు విడతలు చేసి, ఆ తరువాత స్క్వాట్ చేయండి. బెంట్ ప్రెస్ వరుసగా పదిసార్లు చేసే ఎత్తు కాదు. మూడోసారికే ఆనిక జారుతుంది. రెండవ రోజున మామూలు ప్రెస్, చివర్లో లావు గొట్టంతో మూడు విడతలు. మూడవ రోజున డెడ్‌లిఫ్ట్‌ను సగానికి తగ్గించి ఇసుక బస్తా ఎత్తండి. రెండింటినీ పూర్తి మోతాదులో ఒకే వారంలో చేస్తే నడుముకు కోలుకునే వ్యవధి ఉండదు. ప్రతి నాలుగో వారం అన్ని బరువులనూ తగ్గించి, కదలిక తీరును మాత్రమే సరిదిద్దుకోండి.

గుండు విషయంలో ఒక గీత గీసుకోవడం మంచిది. టేపు లెక్కలో అది 90 కిలోలని తేలితే, 70 కిలోల ఇసుక బస్తాను రెండు భుజాల మీదికీ తడబడకుండా ఎత్తగలిగేదాకా దానిని భుజానికెత్తే ప్రయత్నం చేయవద్దు. అంతవరకు ఊరికి వెళ్లినప్పుడల్లా దానిని నేల మీది నుంచి తొడల మీదికి తెచ్చి దించేయండి, అదే ఎక్కువ. 129 అని తేలితే మాత్రం ఈ ఏడాదికి దాని సంగతి మరచిపోయి, అదే ఊరిలో చిన్న గుండు ఎక్కడైనా ఉందేమో వెతకండి. గుండు ఎత్తే అలవాటున్న ఊళ్లలో సాధారణంగా ఒకటే ఉండదు.